సీసా చెట్లకు చేవ

మేడమ్ పోయారన్న కబురు నాకు జమ్మలమడుగు కూరగాయల మార్కెట్లో తెలిసింది. వంకాయలు ఏరుకుంటున్నాను. ఫోను మోగింది. ఆమె కూతురు. "అంకుల్, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి ఫోను పక్కనున్న వాళ్ళకిచ్చేసింది. ఆ పక్కనున్నాయన నాకు చర్చి టైమూ సమాధుల తోట దారీ చెబుతుంటే నేను ఊఁ కొడుతూ వంకాయలు ఏరుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే సంచిలో సగం పుచ్చులే.

మేడమ్ ప్రొద్దుటూరులో మేం పనిచేసిన డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పేది. నేను జువాలజీ. ఆమె నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఊరంతా ఆమెను బాటనీ మేడమ్ అనేది కాబట్టి నాకూ మేడమే. ఆమె నన్ను మాత్రం ఒక్కనాడూ సార్ అనలేదు. "ఏమప్పా" అనేది. మొదట్లో దానికీ నాకు కోపమే.

చావు తర్వాత మనిషిని పొగడడం సులువు. మేడమ్‌ను పొగిడితే ఆమెకే నచ్చదు. నేనిది రాయడానికి కారణం వేరే ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూసి, ఆ జవాబు వినకుండానే ఆమె వెళ్ళిపోయింది. మూడు రోజులు ముందుగా నేను బస్సెక్కి ఉంటే వినే పోయేది. ఆ మూడు రోజులూ నా ఖాతాలోవే.

మా జిల్లాలో లంకమల, పాలకొండల మీద ఎర్రచందనం పెరుగుతుంది. ఈ చుట్టుపక్కల కొండలు దాటితే అది ఇంకెక్కడా ఇట్లా అడవిగా పెరగదు. లోపలుండే ఎర్రటి చేవ కోసం దాన్ని కొడతారు. కొట్టి దుంగలు చేసి దాటిస్తారు. ఇదంతా పేపరు చదివే అందరికీ తెలిసిందే. తెలియంది ఏమిటంటే, ప్రొద్దుటూరులో ఒక గదిలో, ఇద్దరు ముగ్గురు మనుషులు, పాత ప్రెషర్ కుక్కరు ఒకటి, కొన్ని జామ్ సీసాలు పెట్టుకుని ఆ చెట్టును తిరిగి పుట్టించాలని చూశారని.

ఆ గది అంతకుముందు నాది. అంటే నా కప్పలది. ఫార్మలిన్ జాడీల్లో కప్పలు, పాములు, ఒక పాత మేక పుర్రె పెట్టుకున్న గది. అది తనకు కావాలని మేడమ్ ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టింది. నేను అడ్డం పడ్డాను. స్టాఫ్ మీటింగులో గట్టిగానే అరిచాను. ఓడిపోయాను. మరుసటి రోజు ఆమె కాగితం పొట్లంలో బొరుగులు, శనగపప్పు కలిపి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నీ కప్పలు చచ్చినవేగదప్పా. యాడ పెట్టినా ఉంటాయి. నావి బతకాల" అంది.

ఆ బొరుగులు తిన్నాక ఇక పోట్లాడలేకపోయాను. నాలుగు రోజులకు నేనే జాడీలు మోసి గది ఖాళీ చేశాను. నెల తిరగకముందే ఆ గదిలో నాకూ ఒక స్టూలు పడింది.

ఆమె చేసే పని టిష్యూ కల్చర్. నాకు ఆమె చెప్పినట్టే చెప్తాను. కొమ్మ మీద ఆకు పుట్టే చోట కణుపుంటుంది. ఆ కణుపులో ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కణుపును వేలి గోరంత ముక్కగా కోసి, మందు నీళ్ళలో కడిగి, చక్కెరా ఉప్పులూ హార్మోన్లూ కలిపిన జెల్లీలో గుచ్చి సీసా మూత పెడితే, అది లోపలే చిగురేస్తుంది. ఆ చిగురును మళ్ళీ ముక్కలు చేస్తే ఇంకా చిగుళ్ళు. తర్వాత వేరు రప్పించాలి, మెల్లగా బయటి గాలికి అలవాటు చేయాలి. విత్తనం వేస్తే మొలిచేది తక్కువ, మొలిచిందల్లా తల్లిలా ఉండదు. సీసాలో వచ్చేది మాత్రం అచ్చం తల్లి చెట్టే.

తల్లి చెట్టును ఖాజీపేట పైన లంకమల వాలులో ఒక ఫారెస్టు వాచరు చూపించాడు. నేను రెండు చేతులూ చుట్టినా వేళ్ళు అందనంత లావు. గెడ కర్రలా నిటారు. మేడమ్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది, చేత్తో తట్టింది, "ముసలామె బాగుంది" అంది. ఆనాటి నుంచి దానికి ముసలామె అన్న పేరు పడింది. పైకొమ్మలు ముదిరిపోయాయి కాబట్టి పనికిరావని, చెట్టు మొదలు దగ్గర పుట్టిన లేత పిలకలు కోసి తడి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. కొండ దిగేటప్పుడు ఆ సంచి నన్ను ముట్టుకోనివ్వలేదు.

మొదటి ఏడాదంతా బూజే. సీసా తెరిచినప్పుడు గాలిలోంచి ఏదో ఒకటి పడేది, మూడో రోజుకు జెల్లీ మీద తెల్లటి దూది. బూజు పట్టనిదానికి ఇంకో రోగం. కోసిన చోట నల్ల రసం కారి, ముక్క తన రసంలో తానే చచ్చేది. మేడమ్ బొగ్గు పొడి కలిపి చూసింది, మోతాదులు మార్చి చూసింది, ప్రతిదీ నోటుబుక్కులో రాసింది. సీసాలు తెరిచేటప్పుడు గదిలో ఎవరూ నోరు తెరవకూడదు. ఒకరోజు నేను కారందోసె తిని నేరుగా వచ్చాను. ఆమె మాట్లాడకుండా నా భుజం పట్టుకుని బయటికి నడిపించి, కొళాయి చూపించి, లోపలికి పోయి తలుపేసుకుంది. ముక్కు కింద గుడ్డ కట్టుకుని, మూసిన నోటితోనే ఏదో చర్చి పాట రాగం తీస్తూ ఆమె బ్లేడును స్పిరిట్ దీపం మీద కాల్చేది. గాజు తలుపు అవతల నిలబడి వింటుంటే తేనెటీగ తిరుగుతున్నట్టుండేది.

రెండో ఏడు కొన్ని సీసాల్లో చిగురు నిలిచింది. మేడమ్ మళ్ళీ పిలకలు తెద్దామని కొండకు బయలుదేరింది, నేనూ వెళ్ళాను. ముసలామె లేదు. మోడు కూడా లేదు. వేరులోనూ చేవ ఉంటుందని తవ్వుకుపోయారు. అక్కడ గుంత మాత్రం ఉంది. వాచరు ఏడ్చాడు. మేడమ్ ఏడవలేదు, గుంత అంచున చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి చీర దులుపుకుని, "ఇంగ మన సీసాల్లో ఉండేదే ముసలామె" అంది.

అంత బరువైన మాట అంత మెల్లగా అనగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సీసాలు దాటి కవర్లలోకి, కవర్లలోంచి భూమిలోకి రావాలి. భూమి ఎక్కడ? ఇక్కడ ఆ కాలం గురించి చెప్పాలి. ఎవరి జీపు ఎవరి జీపు ముందు పోవాలన్న దానికే మనుషులు చచ్చిన రోజులవి. జమ్మలమడుగు వైపు బాంబులు పడితే మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఊరికి రెండు పక్కలు, పక్కకో పార్టీ. మనిషి దొరక్కపోతే తోట మీద పడేవాళ్ళు. పదేళ్ళు పెంచిన చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, ఒక్క పూటలో నరికేవాళ్ళు. ఒకసారి పులివెందుల నుంచి లింగాల పోతుంటే అట్లాంటి తోట కనిపించింది. మేడమ్ బస్సు ఆపించి దిగింది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి, పిందెలు నేల మీద. ఆమె ఒక్కొక్క మోడు దగ్గరా ఆగుతూ పోయింది. "మనిషి మీద కోపమొస్తే మనిషితో తేల్చుకోవాల. దీనికేం తెలుసప్పా?" అని నన్నడిగింది, నేనే నరికినట్టు.

అందుకే ఆమె ఏ రైతు పొలమూ అడగలేదు. ఎవరు ఇచ్చినా ఆ మొక్కలు వాళ్ళ పక్కవైపోతాయి. లింగాల దగ్గర ఒక ఊరి చివర మిషన్ వాళ్ళ పాత స్థలం ఉంది. ఎర్ర గరుసు నేల. చిన్న చర్చి, పాస్టరయ్య ఇల్లు, మిగతాదంతా కంప. ఆ ఊళ్ళో రెండు పక్కలవాళ్ళదీ కాని జాగా అదొక్కటే. పాస్టరయ్య సరేనన్నాడు. వానలు పడగానే సీసా మొక్కలు, వాటితో పోల్చి చూడడానికి విత్తనం మొక్కలు, వరుస తప్పి వరుస నాటాలనుకున్నాం. ఏది ఏదో తెలియడానికి సీసా మొక్కలకు ఒక రంగు గుడ్డ, విత్తనం మొక్కలకు ఇంకో రంగు గుడ్డ కట్టాలి. గుడ్డ తెచ్చే పని నాకు అప్పగించింది.

ఇప్పుడు నా తెలివి వినండి. ఎలక్షన్లు అప్పుడే అయిపోయాయి. ప్రొద్దుటూరులో జెండాలు కుట్టిన ఒక టైలరు దగ్గర మిగిలిన గుడ్డ కుప్పలుగా పడి ఉంది. ఏం రంగులో చెప్పను, మా జిల్లావాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. రెండు పార్టీల గుడ్డా ఒకే బల్ల మీద, ఒకదాని మీద ఒకటి పడి ఉంది. ఒకే మిషను మీద, ఒకే మనిషి కుట్టాడు. "తీసకపో సార్, ఇంగ ఐదేండ్లు దీనితో పని లేదు" అన్నాడు. చవగ్గా దొరికిందని మురిసిపోయాను. నాటే రోజున మేడమ్ భర్తకు జ్వరం, ఆమె రాలేదు. నేను, కాలేజీ పిల్లలు పోయి నాటి, సీసా మొక్కలకు ఒక పార్టీ రంగు, విత్తనం మొక్కలకు రెండో పార్టీ రంగు ముచ్చటగా ముడివేసి వచ్చాం. ఒక్కరికీ తట్టలేదు. మా స్టాఫ్ రూములో అన్ని పార్టీలవాళ్ళూ కలిసి టీ తాగేవాళ్ళు. దానికి అలవాటుపడి, చాపాడు దగ్గర గొర్రెల మందల ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఊళ్ళో రంగంటే ఏమిటో మరిచిపోయాను.

మొక్కలు వేళ్ళూనుకునే దాకా ఊరు ఓర్చుకుంది. మూడో నెలలో మొదట ఒక పక్కవాళ్ళు సీసా మొక్కలన్నిటినీ పీకేశారు. మరునాడు రెండో పక్కవాళ్ళు విత్తనం మొక్కలన్నిటినీ పీకేశారు. ఊళ్ళో ఎవరిదీ కాని ఒక్క స్థలానికి కూడా నేను పార్టీ తగిలించి వచ్చాను.

పాస్టరయ్య కబురు చేసేసరికి ఇంకో నష్టం అయిపోయి ఉంది. కాలేజీలో మిగిలిన సీసాలు ఆ మధ్య కరెంటు కోతల్లో వేడికి బూజుపట్టి పోయాయి. ముసలామె అనేది ఇప్పుడు ఎక్కడైనా ఉందంటే, ఆ పీకి పారేసిన మొక్కల్లోనే ఉంది.

నేను పోలీసు కేసు అన్నాను. మేడమ్ నా మాట వినిపించుకోలేదు. ఐసు పెట్టె, గోనెపట్టలు తీసుకుని మొదటి బస్సుకు బయలుదేరింది. దారంతా నేను తల దించుకుని కూర్చున్నాను. గుడ్డల సంగతి ఆమెకు పాస్టరయ్య చెప్పే ఉంటాడు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఊళ్ళోకి పోయాక పాస్టరయ్య భయపడ్డాడు. "మేడమ్మా, మొదట పీకినోళ్ళ ఇంటికే పోదామా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఒక్క ఇంటికే పోతే నేరం మోపినట్టవుతుంది, రెండిళ్ళకూ పోవాలి అంది. ఆ ఊరి మర్యాద ఆ ఊరిలో పుట్టినవాళ్ళకన్నా ఆమెకే బాగా తెలిసినట్టనిపించింది.

మొదటి పక్క పెద్దాయన అరుగు మీద మంచమేసుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది. మేడమ్ నిలబడే నమస్కారం పెట్టింది.

"అప్పా, నేను కాలేజీలో బాటనీ చెప్తా. చర్చి జాగాలో మొక్కలు నావి. పీకినోళ్ళు ఎవురని అడగను. పీకినవి యాడ పడేసినారో చెప్పు, చాలు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా? కేసు పెడతావనుకుంటే కసువు అడుగుతాండావే?"

"కేసు పెడితే మొక్క రాదుగదప్పా. పచ్చిగా ఉండే కణుపు ఒకటి దొరికితే నాకు చాలు."

"సచ్చిందాన్ని ఏం జేసుకుంటావు?"

"చావలేదు. నాలుగు దినాలేగా అయింది. నీడలో పడుంటే ఇంకా ఉంటాది."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు ముందుకొచ్చాడు. "అది సరే. మా ఎదుటోళ్ళ రంగు తెచ్చి చర్చి కాడ కట్టిందెవురు? ఈడ ఎవురు పంపిచ్చినారు మిమ్మల్ని?"

ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నేను నోరు తెరిచేలోగా మేడమ్ అంది: "నేనే కట్టిచ్చినా. గుడ్డ చవగ్గా వచ్చింది, తెచ్చుకున్యా. బుద్ధిలేని పని. నన్ను తిట్టు."

వాడు వెనక్కి తగ్గాడు. పెద్దాయన "దిగుడుబావి పక్కన ఏసినారంట. సూస్కోపో టీచరమ్మా" అన్నాడు.

నేను ఆమెకు రుణపడింది అక్కడ. తర్వాత ఎన్నోసార్లు ఈ మాట ఆమెతోనే అనబోయాను, ప్రతిసారీ టీ చల్లారిపోతోందని మాట మార్చింది.

రెండో పెద్దాయన ఊళ్ళో లేడు. ఆయన భార్య బయటికొచ్చి, మాది ఒకటే మాట, మేమేం పీకలేదు అని మొదలుపెట్టింది. మేడమ్ ఆమెతో కాసేపు పశువుల సంగతి, పిల్లల చదువుల సంగతి మాట్లాడింది. చివరికి ఆమె లోపలికి పోయి తడి గోనెలో చుట్టిన మొక్కలు నాలుగు తెచ్చింది. వాటిలో రెండు విత్తనంవి, రెండు సీసావి. "బావి కాడ పడుంటే తెచ్చుకుంటినమ్మా. గుడ్డ పీకేసి దొడ్లో పెట్టుకుందామనుకుంటి. మాయన సూస్తే ఊరుకోడని దాపెట్టినా" అంది. మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

దిగుడుబావి పక్కన చాలావరకు ఎండి గలగలమంటున్నాయి. నీడవైపు, తేమ మట్టిలో పడ్డవి కొన్ని గీస్తే పచ్చగా ఉన్నాయి. మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ గోటితో గీసి చూశాం. సీసా మొక్కల గుడ్డ ఉన్నవాటిలో, వేరు ఎండినా కణుపు పచ్చగా ఉన్నవి ఏరి గోనెలో చుట్టాం. తిరుగు బస్సులో మేడమ్ పక్క సీటు ఆవిడను తాగే నీళ్ళు అడిగి మరీ గోనె తడిపింది. ముద్దనూరు దాటాక మొదటిసారి నా వైపు తిరిగి అంది: "ఇంగోసారి గుడ్డ కొనేటప్పుడు తెల్లది కొనప్పా. రేప్పొద్దున తెల్లదీ ఎవురో ఒకరు తీసుకుంటే, కుండపెంకు కట్టు."

నవ్వింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ కణుపుల్లో ఎక్కువ భాగం నల్లబడి పోయాయి. మట్టిలో పొర్లినవాటిని శుభ్రం చేయడం అంత తేలిక కాదు. మందు ఎక్కువైతే కణుపు చస్తుంది, తక్కువైతే బూజు బతుకుతుంది. కొన్ని నిలిచాయి. వాటిని పెంచి, వేరు రప్పించి, రెండేళ్ళ తర్వాత అదే చర్చి జాగాలో, ఈసారి కుండపెంకుల మీద నంబర్లు గీకి, మళ్ళీ నాటాం. వాటికి నీళ్ళు పోయడం మీద మళ్ళీ పేచీ వచ్చింది. ఎవరు నీళ్ళు పోస్తే చెట్టు వాళ్ళదైపోతుందని ఒక పక్కవాళ్ళు పోస్తే రెండో పక్కవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి చర్చి ఆడవాళ్ళు ఆదివారం ప్రార్థన అయ్యాక తలా ఒక బిందె పోసేవాళ్ళు. దాన్నెవరూ తప్పు పట్టలేకపోయారు. సీసా చెట్లు పదకొండు బతికాయి.

చెట్లు మనిషెత్తు దాటాక మొదటి పెద్దాయన ఒకసారి చర్చి వైపు వచ్చాడు. అప్పటికి ఆయనా తగ్గాడు. కొడుకులు పులివెందులలో ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో గొడవలూ సద్దుమణిగాయి. చెట్లను కింది నుంచి పైకి చూసి, "టీచరమ్మా, పెరగడం పెరిగినాయి. సీసాలో పుట్టినదానికి చేవ వస్తాదా? డబ్బాపాలు తాగి పెరిగిన బిడ్డ మాదిరి ఉబ్బుతాదేమో?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మేడమ్ నవ్వలేదు. ఆయన ఎగతాళికన్నాడు గానీ ఆమె మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. ఎర్రచందనంలో పదిహేను, ఇరవై ఏళ్ళు పోతే గానీ చేవ కుదురుకోదు. అంతవరకూ లోపలంతా తెల్లకట్టె. పైనుంచి చూసి చెప్పగలిగేవాడు లేడు. చేవ లేని చందనం వట్టి వంటచెరుకు. "అది రాకపోతే నేను అడవిని తేలేదప్పా. అడవి మాదిరి ఉండే బొమ్మను చేసినట్టు" అంది, ఇద్దరమే ఉన్నప్పుడు.

ఏళ్ళు గడిచాయి. ఆమె రిటైరైంది, భర్త పోయాడు, నేను జమ్మలమడుగు కాలేజీకి మారాను. ఏటా వానాకాలంలో ఇద్దరం పోయి చెట్ల చుట్టుకొలత తీసుకునేవాళ్ళం. చేవ తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. సన్నటి బరమాతో కాండంలోకి తొలిచి పెన్సిలంత పుల్ల తీసి చూడొచ్చు. ఫారెస్టు ఆఫీసరు ఒకాయన పరికరం ఇస్తానన్నాడు కూడా. మేడమ్ వద్దంది. రంధ్రంలోంచి పురుగు పోతుంది, ఉండేదే పదకొండు అంది. మరుసటి ఏడూ అదే మాట. ఒకసారి నాకు కోపమొచ్చింది.

"పురుగు కాదు మేడమ్. మీకు భయం. లేదని తేలితే ఎట్లా అని భయం" అన్నాను.

టేపు చుడుతున్నది ఆగింది. "అవునప్పా, భయమే" అంది. "ఇంతమందిని తిప్పినా. నిన్ను తిప్పినా. ఆ ఊళ్ళో ఆడోళ్ళతో బిందెలు మోయించినా. లోపల ఏం లేదని తెలిస్తే వాళ్ళకేం చెప్పాల?"

అంతటి మనిషికీ భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఇంకెప్పుడూ బరమా ఊసెత్తలేదు.

పోయిన నెల ఆమె ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేరింది. ఊపిరితిత్తుల్లో నీరు. నేను రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున పాస్టరయ్య ఫోను చేశాడు. ఇప్పుడున్నది ఆ పాత పాస్టరయ్య కొడుకు, ఆయనా పాస్టరే. "సార్, మూడో నంబరు చెట్టు దొంగలు కోసుకపోయినారు" అన్నాడు. ఆమెకు చెప్పాలా వద్దా అని ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. చెప్పకుండా దాచడం ఆమె దగ్గర నా వల్ల కాలేదు.

చెప్పాను. బాధపడుతుందనుకున్నాను. ఆమె మోచేయి ఆన్చి లేవబోయింది. కళ్ళలో ఎన్నాళ్ళుగానో లేని కదలిక.

"మోడు చూసినావా? లోపల ఎట్లుంది?"

"చూడలేదు మేడమ్. పాస్టరయ్య చెప్పినాడంతే."

"ఆయన్ను అడగద్దు. నన్ను సంతోషపెట్టాలని చేవ ఉందంటాడు. దొంగలు కూడా మోసపోయి కోసుండొచ్చు. నువ్వు పో. నువ్వైతే ఉండేది చెప్తావు."

పరీక్షల డ్యూటీ ఉంది, శనివారం పోయొస్తానన్నాను. ఆమె సరేనన్నట్టు కళ్ళు మూసుకుంది. డ్యూటీ ఎవరికైనా అప్పజెప్పి మరునాడే పోయి ఉండొచ్చు. పోలేదు. శనివారం వస్తుందనే అనుకున్నాను. గురువారం నేను వంకాయలు ఏరుకుంటుండగా ఫోను వచ్చింది.

శుక్రవారం సమాధి చేశారు. ఆమె పాఠం విన్నవాళ్ళు చాలామంది వచ్చారు. అందరూ మట్టి వేశారు. నేనూ వేశాను. ఆమె కూతురు నా పక్కకొచ్చి, "అంకుల్, చివర్లో అమ్మ రెండుసార్లు అడిగింది, శనివారం ఎప్పుడని" అంది.

శనివారం పొద్దున బస్సెక్కాను. ముద్దనూరు, పులివెందుల, అక్కణ్ణుంచి లింగాలకు ఆటో. పాస్టరయ్య ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. మూడో నంబరు దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. ముందు రోజు వాన పడినట్టుంది, మోడంతా మట్టి చింది, ఎండి, గట్టిగా అట్టకట్టింది. ఏ రంగూ కనిపించలేదు. ఎదురుగా కూర్చున్నాను. నిజంగా చెప్తున్నాను, ఆ మట్టి తుడవడానికి నాకూ భయమేసింది. లేదని తేలితే ఆమెకు చెప్పాల్సిన అవసరం లేదు కదా అని ఒక్క క్షణం తేలికపడ్డాను కూడా. అట్లా తేలికపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మోడు మీద పోశాను. చేతి రుమాలుతో తుడిచాను. మళ్ళీ పోశాను. అంచు చుట్టూ కట్టె పాలిపోయి తెల్లగా తేలింది. నడిమధ్యన, నీళ్ళు తగిలేకొద్దీ, ఎరుపు పైకొచ్చింది. చిక్కటి ఎరుపు.

కుడిచేతి వేళ్ళు దగ్గరగా పెట్టి దాని మీద ఆన్చి కొలిచాను.

"నాలుగు వేళ్ళుంది, మేడమ్" అన్నాను.